వెడల్పు పాదం, గ్రానైటు గుట్టలు: ట్రెయిల్ బూట్ల డైరీ

ఈ డైరీ ఎవరికి, ఏ నేలకు

హైదరాబాదు చుట్టూ తారు లేని దారుల్లో, అంటే ట్రెయిల్స్ మీద, పరుగెత్తేవారిలో, పాదం ముందు భాగం వెడల్పుగా ఉండి, దుకాణంలో దొరికే ఆడవాళ్ళ బూట్లలో చిటికెన వేలు నలిగిపోయేవారి కోసం ఈ కొలతలు రాసి పెడుతున్నాను. ఏ కంపెనీ బూట్లు కొనాలన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉండదు. పనికిరాని జతల పేర్లు కూడా చెప్పడం లేదు, ఎందుకంటే నా కాలిని ఏడిపించిన జత ఒకటి ఇప్పుడు మా బృందంలోనే మరొకామె కాలికి ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతోంది. అందువల్ల జతలను అ, ఆ, ఇ, ఈ అని వరుసగా పిలుస్తాను.

నేను పరుగెత్తే నేల మూడు రకాలు, మూడూ బూటును మూడు రకాలుగా పరీక్షిస్తాయి. మొదటిది ఖాజాగూడ గుట్టల గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి ఆ రాయి పొడిగా ఉన్నప్పుడు కాలిని గట్టిగా పట్టుకుంటుంది; జారేది రాయి కాదు, రాయి పైపొర చితికి రాలిన మొరం. పరుపుబండ మీద పలచగా పరుచుకున్న మొరం దిగుడులో గచ్చు మీద ఆవాలు పోసినట్టు పనిచేస్తుంది. రెండోది గండిపేట చెరువు ఒడ్డున ఉన్న ఎర్రమట్టి బాటలు. కాలికి మెత్తగా ఉండే ఆ బాటల్లో అసలు సమస్య సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. మూడోది వికారాబాదు దగ్గర మూసీ పుట్టే అనంతగిరి కొండలు: ఎర్రని లేటరైటు గులకలు, బాటకు అడ్డంగా చెట్ల వేళ్ళు, వానాకాలంలో కొండ దిగి తాండూరు వైపు మళ్ళితే నల్లరేగడి.

రోడ్డు బూట్లతో ఈ మూడు చోట్లా తిరిగినప్పుడు రాళ్ళ అంచులు మెత్తని ఫోమును చీల్చేశాయి, అరికాలి ముందు మెత్తకు గులకలు గుచ్చుకున్నాయి, మొరం మీద పట్టు లేకపోయింది. అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

దశ 1: పాదం కొలత

పనిముట్లు: ఏ3 తెల్ల కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు, దర్జీ టేపు, ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్, వంటింటి డిజిటల్ త్రాసు. కొత్తగా కొన్నది కాలిపర్ ఒక్కటే.

1. కాగితాన్ని గోడకు ఆనించి నేలకు అంటించాలి. మడమ గోడకు తగలాలి.
2. పరుగులో వేసుకునే సాక్సే తొడుక్కొని, రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు మోపి నిలబడాలి. మనమే వంగి గీసుకుంటే బరువు ముందుకు జరిగి కొలత మారుతుంది కాబట్టి ఇంట్లో మరొకరి చేత గీయించుకోవాలి.
3. పెన్సిలును నిటారుగా పట్టాలి. లోపలికి వాలితే వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గిపోతుంది.
4. గోడ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి కొస వరకు పొడవు. బొటనవేలి మొదటి ఎముక నుంచి చిటికెన వేలి మొదటి ఎముక వరకు వెడల్పు. పొడవైన వేలు బొటనవేలే కానక్కరలేదు.
5. ఇదే కొలతను పరుగు ముగిసిన పది నిమిషాల లోపల మళ్ళీ తీయాలి.

ఎడమ పాదం, ఉదయం నిలబడి: పొడవు 244 మి.మీ., వెడల్పు 98 మి.మీ.
ఎడమ పాదం, వేసవిలో రెండు గంటల పరుగు తర్వాత: పొడవు 247 మి.మీ., వెడల్పు 101 మి.మీ.
కుడి పాదం: పొడవులో 3 మి.మీ. తక్కువ, వెడల్పులో తేడా లేదు.

బూటు సరిపోవలసింది ఉదయపు పాదానికి కాదు, పరుగు తర్వాతి పాదానికి. కుర్చీలో కూర్చుని కొలిస్తే నా వెడల్పు 95 మాత్రమే వచ్చింది. అంటే కూర్చున్న పాదానికీ వాచిన పాదానికీ మధ్య 6 మి.మీ. తేడా ఉంది. ఆ తేడా ఎంత పెద్దదో సైజుల లెక్క చూస్తే తెలుస్తుంది. బ్రిటిష్ పద్ధతిలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ మధ్య పొడవు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే 8.47 మి.మీ.; యూరప్ పద్ధతిలో 6.67 మి.మీ. సైజు పెంచినప్పుడు వెడల్పు కూడా పెరుగుతుంది గానీ పొడవు పెరిగినదానిలో సగం కూడా పెరగదు. కనుక వెడల్పు కోసం సైజు పెంచుకుంటూ పోయేవారు తమకు అక్కరలేని పొడవును కొనుక్కుంటున్నారన్నమాట.

ఇది నా ఒక్కదాని కాలి తీరు కాదని ధైర్యం చెప్పే విషయం ఒకటుంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు లక్షకు పైగా మంది పాదాలను కొలిచి, భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వారి పాదాలకంటే వెడల్పుగా ఉంటాయని తేల్చింది. ఆ కొలతల ఆధారంగా ‘భా’ అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ప్రస్తుతం మన అంగళ్ళలో దొరికే ట్రెయిల్ బూట్లు మాత్రం దాదాపు అన్నీ పరాయి పాదం అచ్చు మీద తయారైనవే.

ఇప్పటివరకు మొత్తం: ఖర్చు రూ. 250. ట్రెయిల్ బూట్లతో దూరం 0.

దశ 2: జత-అ, వెడల్పు చాలని బూటు

వివరాలు: ఆడవాళ్ళ మోడలు, చీటీ మీద 25 సెం.మీ., డ్రాప్ 8 మి.మీ. (మడమ కింద, వేళ్ళ కింద సోలు ఎత్తుల తేడాను డ్రాప్ అంటారు), లగ్గులు 5 మి.మీ., ఒక బూటు బరువు 262 గ్రా., ధర రూ. 6,500. లగ్గులంటే సోలు కింద నేలను పట్టుకునే రబ్బరు పళ్ళు.

దుకాణంలో నడిచి చూసినప్పుడు హాయిగానే ఉంది. గండిపేట దగ్గర ఏడెనిమిది కిలోమీటర్లు దాటేసరికి చిటికెన వేలి పక్కన మంట మొదలై, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య తిమ్మిరి పట్టేది. బూటు విప్పితే ఐదు నిమిషాల్లో తగ్గిపోయేది. విప్పగానే తగ్గే తిమ్మిరి సాధారణంగా ఒత్తిడి వల్ల వస్తుంది. విప్పినా తగ్గకుండా రోజుల తరబడి ఉంటే బూట్లు మార్చడం కాదు, ఎముకల వైద్యుడికి చూపించుకోవడం ముందు పని.

కారణం ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద పరిచే విడి మెత్త) బయటకు తీసి కొలిచాక కనిపించింది. దాని వెడల్పు 86 మి.మీ., నా వాచిన పాదం 101. బూటు పక్కబట్ట కొంత సాగుతుంది కాబట్టి ఇన్‌సోల్ పాదంకంటే సన్నగా ఉండటం మామూలే. కానీ 15 మి.మీ. తేడాను ఏ బట్టా మోయలేదు. మార్పులను ఒక్కొక్కటిగా చేశాను, రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి.

1. లేసు మార్చడం. వేళ్ళకు దగ్గరగా ఉన్న రెండు వరుసల్లో లేసును అడ్డంగా దాటించకుండా పక్కల వెంబడే పైకి తీసుకెళ్ళి ఒక కిటికీ వదిలాను. తిమ్మిరి మూడు కిలోమీటర్లు ఆలస్యంగా వచ్చింది. మంట అలాగే ఉంది.
2. పలచని ఇన్‌సోల్. కంపెనీ ఇచ్చిన 5 మి.మీ. ఇన్‌సోల్ స్థానంలో 3 మి.మీ. ది వేశాను. పాదం కిందికి దిగి వేళ్ళ పైన చోటు పెరిగింది, తిమ్మిరి దాదాపు పోయింది. అయితే మడమ కూడా 2 మి.మీ. దిగినందున బూటు అంచు చీలమండ ఎముకకు రాసుకోసాగింది.
3. సాగదీయించడం. మా వీధి మూలన చెప్పులు కుట్టే ఆయనకు బూటు చూపించి, “అన్నా, అచ్చు పెట్టి కొంచెం వెడల్పు చేయగలవా?” అని అడిగాను. ఆయన పక్కబట్ట మీద అతికించిన ప్లాస్టిక్ పొరను గోటితో గీకి చూసి, “తోలైతే సాగదీస్తనమ్మా, ఇది ప్లాస్టిక్. సాగది, పగులుతది” అన్నారు. డబ్బు తీసుకోలేదు.
4. కోత. చిటికెన వేలి దగ్గర ఆ ప్లాస్టిక్ పొరను మాత్రం బ్లేడుతో రెండు సెంటీమీటర్ల మేర నిలువుగా కోశాను. మంట పూర్తిగా పోయింది. మూడో వారానికి కోత నుంచి మొరం లోపలికి రావడం మొదలైంది, ఆ తర్వాత బట్టే చిరిగింది.

నాలుగో మార్పు జతను పాడుచేసినా అన్నిటికంటే విలువైన సమాచారం ఇచ్చింది: నాకు కావలసినది మెత్తదనం కాదు, చిటికెన వేలి దగ్గర చోటు. నా ఇబ్బంది విన్నవారు ఫోము మందంగా ఉన్నది కొనుక్కోమనే సలహా ఇచ్చేవారు. ఆ ధోరణికి చరిత్ర ఉంది. 2009లో ఫ్రాన్సులో మొదలైన హోకా కొండ దిగుడుల కోసం మందమైన మెత్తని సోలు తెచ్చాక మిగతా కంపెనీలు కూడా ఫోము పెంచుకుంటూ వచ్చాయి. కాళ్ళ నొప్పులకు అది మందు కావచ్చు, పక్కల నుంచి నలిగే వేలికి కాదు.

ఇప్పటివరకు మొత్తం: బూట్లు రూ. 6,500, ఇన్‌సోల్ రూ. 350, అదనపు లేసులు రూ. 80, కాలిపర్‌తో కలిపి రూ. 7,180. దూరం సుమారు 120 కి.మీ.

దశ 3: జత-ఆ, అర సైజు పెంచితే ఏం జరుగుతుంది

దశ 1లోని లెక్క ప్రకారం ఇది పనిచేయకూడదు. కానీ చాలామంది ఇచ్చే సలహా ఇదే కాబట్టి, అంకెలు లేకుండా కొట్టిపారేయడం సబబు కాదనిపించింది. అదే మోడలు, అర సైజు ఎక్కువ, అదే ధర. ఇన్‌సోల్ పొడవు 254 నుంచి 258కి పెరిగింది. వెడల్పు 86 నుంచి 87.5కి మాత్రమే.

చిటికెన వేలి మంట తగ్గింది గానీ పోలేదు. దానికి తోడు రెండు కొత్త బాధలు వచ్చాయి. బూటు వంగే చోటు నా వేళ్ళ కీళ్ళకంటే ముందుకు జరగడంతో ఎక్కుడులో మడమ పైకి లేచేది. దిగుడులో పాదం మొత్తం ముందుకు జారి బొటనవేలి గోరు బూటు ముక్కుకు కొట్టుకునేది. ఖాజాగూడలో ఒక పొడవాటి దిగుడు తర్వాత ఎడమ గోరు నల్లబడింది. గోరు నల్లబడితే బూటు చిన్నదైందని అందరూ అనుకుంటారు. లోపల పాదం జారేంత వదులుగా ఉన్నప్పుడు కూడా అదే జరుగుతుంది.

జారుడును కొలవడానికి ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాను.

1. తెల్ల సాక్సు వేసుకొని, బూటు వెనక అంచు లోపలివైపు సుద్దముక్కతో గీత రాయాలి.
2. అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద పైకీ కిందికీ పరుగెత్తాలి. వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచడం మంచిది.
3. బూటు విప్పి, సాక్సు మీద సుద్ద ఎంత ఎత్తు పాకిందో కొలవాలి.

మామూలుగా లేసు కట్టినప్పుడు సుద్ద 12 మి.మీ. పాకింది. తర్వాత మడమను బిగించే ముడి వేశాను. పైన చివర ఉన్న అదనపు కన్నం చాలామంది వాడరు. అది ఇందుకే ఉంది.

1. లేసు కొసను పై నుంచి రెండో కన్నంలోంచి తీసి, అదే వైపున చివరి కన్నంలోకి బయటి నుంచి లోపలికి దూర్చి ఒక చిన్న ఉచ్చు వదలాలి.
2. రెండు వైపులా ఉచ్చులు ఏర్పడ్డాక, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి లాగాలి.
3. మడమను నేలకు తట్టి వెనక్కు కూర్చోబెట్టి, కొసలను ముందుకు కాకుండా కిందికి లాగి బిగించి ముడి వేయాలి.

ఈ ముడితో జారుడు 5 మి.మీ.కు తగ్గింది. ఇది ఏ బూటుకైనా పనికొచ్చే ముడి. కానీ జత-ఆ విషయంలో మడమను బిగించిన కొద్దీ పాదం పైభాగం మీద ఒత్తిడి పెరిగి, దశ 2లోని తిమ్మిరి తిరిగి వచ్చింది. మంచి స్థితిలో ఉండగానే ఈ జతను సన్నపాదం ఉన్న తోటి పరుగరికి రూ. 2,500కు ఇచ్చేశాను.

ఇప్పటివరకు మొత్తం: రూ. 7,180 + 6,500 − 2,500 = రూ. 11,180. దూరం సుమారు 210 కి.మీ.

దశ 4: జత-ఇ, వేళ్ళకు చోటు, పిక్కలకు పని

వివరాలు: వేళ్ళు పరుచుకునేలా ముందు భాగం వెడల్పుగా చేసిన మోడలు, డ్రాప్ సున్న, సోలు మందం 22 మి.మీ., లగ్గులు 3 మి.మీ., బరువు 248 గ్రా., ఇన్‌సోల్ 258 × 95 మి.మీ., ధర రూ. 9,800.

వేళ్ళ విషయంలో ఈ జతకు వంక పెట్టలేను. వాచిన పాదానికీ ఇన్‌సోల్‌కూ తేడా 6 మి.మీ.కు దిగింది, చిటికెన వేలి మంట గాని తిమ్మిరి గాని రెండు గంటల పరుగులో ఒక్కసారి కూడా రాలేదు. నా పాదం భరించే తేడా 7 మి.మీ. అని ఇక్కడే ఒక హద్దు రాసుకున్నాను.

బాధ వెనక నుంచి వచ్చింది. డ్రాప్ తగ్గిన కొద్దీ మోకాలి మీది భారం కొంత పిక్క మీదికీ మడమ వెనక స్నాయువు మీదికీ మళ్ళుతుంది. 8 మి.మీ.కు అలవాటుపడిన కాలిని ఒక్కసారిగా సున్నకు దించితే ఆ స్నాయువు ఉదయం లేవగానే బిగుసుకుని ఉంటుంది. మంచం దిగాక మొదటి పది అడుగులు కుంటుతూ నడవాల్సి వచ్చేది. ఫిజియోథెరపిస్టు సలహా మీద వారానికి రెండు చిన్న పరుగులకే ఈ జతను పరిమితం చేసి, మెట్టు అంచు మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామాన్ని 15 చొప్పున మూడు విడతలు చేశాను. రెండు నెలలకు బిగుసుదనం పోయింది. సున్న డ్రాప్ కొనేవారు బూటు ధరతో పాటు ఈ రెండు నెలలను కూడా లెక్కలో వేసుకోవాలి.

వానాకాలం రావడంతో మిగతా పరీక్షలు ఈ జత మీదే జరిగాయి.

నీరు. బూటును బకెట్టులో ముంచి తీసి వెంటనే తూస్తే 395 గ్రా.; ర్యాంపు మీద పది నిమిషాలు పరుగెత్తాక 312 గ్రా. పక్కబట్ట జల్లెడలా ఉండటమే ఇందుకు కారణం. నీరు చొరని పొర ఉన్న బూట్ల గురించి చాలామంది అడుగుతారు. చలిదేశాల్లో తడి గడ్డి మీద నడకకు అవి మంచివే. మన వానలో నీరు వచ్చేది చీలమండ దగ్గర తెరుచుకున్న నోటి నుంచి. ఒకసారి లోపలికి వచ్చిన నీటిని ఆ పొర బయటికి పోనివ్వదు, ఎండాకాలంలో చెమటనూ అంతే. నేను కొనలేదు.

రేగడి. తాండూరు వైపు చేల గట్ల మీద అర కిలోమీటరు పరుగెత్తి తూస్తే బూటు 248 నుంచి 640 గ్రాములకు చేరింది. నల్లరేగడిలోని బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బుతుంది, 3 మి.మీ. లగ్గుల మధ్య సన్నని సందుల్లో ఒకసారి ఇరుక్కుంటే రాలదు. అలాంటి నేలకు లగ్గులు పొడుగ్గానే కాదు, దూరం దూరంగా ఉండాలి. అయితే అలాంటి లగ్గులు పరుపుబండ మీద తక్కువ చోట ఆనుతాయి, పట్టు తగ్గుతుంది, త్వరగా అరుగుతాయి. గ్రానైటుకూ రేగడికీ ఒకే సోలు కుదరదు. నా పరుగులో రేగడి పాలు చాలా తక్కువ కాబట్టి గ్రానైటు పక్షమే ఎంచుకున్నాను. వాన పడిన వారం ఆ గట్ల వైపు పోకపోవడమే చవకైన పరిష్కారం.

రాయి. మూడు కాలాల్లోనూ ఈ జతకు ఇదే బలహీనత. 22 మి.మీ. మెత్తని ఫోము కింద గట్టి పలక ఏదీ లేకపోవడంతో అనంతగిరి లేటరైటు గులకలు ఒక్కొక్కటీ అరికాలికి తెలిసేవి. గంట దాటాక ముందు మెత్త నొప్పి పుట్టేది.

పట్టు. లగ్గుల ఎత్తుకంటే రబ్బరు రకమే పరుపుబండ మీద ఎక్కువ తేడా చూపింది. పళ్ళున్న రబ్బరు సోలు కొండల మీదికి వచ్చిందే ఒక విషాదం తర్వాత: 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో సరైన బూట్లు లేక ఆరుగురు సహచరులు మరణించాక, విటాలే బ్రమానీ అనే పర్వతారోహకుడు 1937లో ఆ సోలును మార్కెట్టుకు తెచ్చాడు. వైబ్రమ్ అనే సోళ్ళ కంపెనీ పేరు ఆయన పేరులోంచే పుట్టింది. మంచు కొండలకోసం వచ్చిన ఆ పళ్ళకంటే, ఖాజాగూడలో నాకు అక్కరకొచ్చేది రబ్బరు మెత్తదనం. గోరు నొక్కితే కొద్దిగా దిగి వెంటనే లేచే రబ్బరు బండను పట్టుకుంటుంది. జత-ఇ రబ్బరు గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది, తడిసిన నాచు బండ మీద మాత్రం దాన్ని నమ్మలేను. నాచు బండ మీద ఏ రబ్బరునూ పూర్తిగా నమ్మకూడదనేది వేరే మాట.

ఇప్పటివరకు మొత్తం: రూ. 20,980. దూరం సుమారు 350 కి.మీ. తర్వాత ఈ జతను రూ. 4,000కు ఇచ్చేయడంతో నికరం రూ. 16,980.

దశ 5: జత-ఈ, మగవాళ్ళ అరలోంచి

మూడు జతల తర్వాత కావలసిన కొలతలు అంకెల్లోకి వచ్చాయి: ఇన్‌సోల్ వెడల్పు కనీసం 94, పొడవు 258 దగ్గర, డ్రాప్ 4 నుంచి 6, ముందు భాగం కింద రాళ్ళు గుచ్చుకోకుండా ఆపే గట్టి పలక, లగ్గులు 4 మి.మీ., మెత్త రబ్బరు. ఈ కొలతలతో ఆడవాళ్ళ మోడళ్ళలో వెతికితే దాదాపు ఏమీ మిగలలేదు.

అమెరికా పద్ధతిలో వెడల్పును అక్షరాలతో చెబుతారు. ఆడవాళ్ళ మామూలు వెడల్పు బి, మగవాళ్ళది డి. మగవాళ్ళలో వెడల్పు రకం 2ఈ. ఒకే పొడవులో మగవాళ్ళ మామూలు బూటే ఆడవాళ్ళ వెడల్పు బూటుతో సమానం. సైజు అంకెలు మాత్రం ఇద్దరికీ వేరువేరుగా ఉంటాయి కాబట్టి వాటిని చూడకుండా, బూటు నాలిక (లేసుల కింద ఉండే మెత్తని పట్టీ) మీది చీటీలో సెంటీమీటర్ల అంకెనే పట్టుకోవాలి. మగవాళ్ళ 2ఈ రకంలో 25.5 సెం.మీ. చిన్న సైజు, చాలా దుకాణాల్లో ఉంచరు. తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది. దుకాణంలో అబ్బాయి “మేడమ్, అది జెంట్స్” అని రెండుసార్లు గుర్తుచేశాడు.

వివరాలు: డ్రాప్ 5, సోలు మడమ దగ్గర 31.5 మి.మీ., ఫోములో పలచని ప్లాస్టిక్ పలక, లగ్గులు 4 మి.మీ., రబ్బరు వైబ్రమ్ మెగాగ్రిప్, బరువు 290 గ్రా., ఇన్‌సోల్ 258 × 94 మి.మీ., ధర రూ. 10,900.

కొనే ముందు చేసిన పరీక్ష, వరుసగా:

1. సాయంత్రం, పరుగు సాక్సుతో వెళ్ళడం.
2. ఇన్‌సోల్ తీసి దాని మీద నిలబడి, చిటికెన వేలు అంచు దాటి ఎంత పోయిందో చూడటం. ఇక్కడ 3 మి.మీ.
3. మడమను వెనక్కు ఆనించి, పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పులో సగానికి పైగా చోటు ఉందో లేదో నొక్కి చూడటం.
4. వాలుగా ఉన్న చోట ముందుకు తోసుకుంటూ పదిసార్లు దిగడం. వేలి కొస బూటు ముక్కుకు తగిలితే అక్కడే వదిలేయడం.
5. గడప అంచు మీద అరికాలి ముందు భాగం మోపి బరువు వేయడం. అంచు గీతలా తెలిస్తే పలక లేనట్టే.

వేళ్ళు, అరికాలు, పట్టు మూడూ మొదటి అనంతగిరి పరుగులోనే కుదిరాయి. మిగిలిన లోపం మడమ: మగవాళ్ళ అచ్చులో మడమ గిన్నె కూడా వెడల్పు, సుద్ద 9 మి.మీ. పాకింది. దశ 3లోని ముడితో 5కు వచ్చింది. నాలిక లోపలివైపు 3 మి.మీ. ఫెల్టు ముక్క అంటించాక, పాదం వెనక్కు నెట్టబడి 3కు దిగింది. మడమ వెనక మెత్తలు అంటించి చూశాను గానీ అవి పాదాన్ని ముందుకు తోస్తాయి, వేళ్ళ ముందు చోటు పోతుంది, తీసేశాను.

ముళ్ళ సంగతి. పల్లేరు కాయ లగ్గుల మధ్య పలచని చోట గుచ్చుకుంటే లోపలి పలక ఆపుతోంది. పలక పక్కలకు రాదు కాబట్టి సర్కారు తుమ్మ ముల్లు పక్క నుంచి దిగుతుంది; దానికి ఇంకా మార్గం దొరకలేదు. గడ్డి గింజల ముళ్ళు, మొరం చీలమండ దగ్గర లోపలికి రాకుండా పాత లెగ్గింగు గుడ్డతో గొట్టంలాంటి తొడుగు కుట్టి, ముందు లేసుకు కొక్కెం, వెనక మడమకు వెల్‌క్రో పెట్టాను. అరికాలి కిందుగా ఎలాస్టిక్ పట్టీ వేసిన మొదటి నమూనా గ్రానైటు మీద ఒక్క పరుగుకే తెగింది, వెల్‌క్రో నిలిచింది. మొరం దులపడానికి ఆగడం దాదాపు పోయింది.

ఇప్పటివరకు మొత్తం: రూ. 16,980 + 10,900, ఫెల్టు, గుడ్డ, వెల్‌క్రోకు రూ. 160, కలిపి రూ. 28,040.

దశ 6: అరుగుదల, మరమ్మతు, తర్వాతి జత

జత-ఈ మీద సుమారు 380 కి.మీ. తర్వాత కొలతలు: మడమ బయటి అంచున లగ్గులు 4 నుంచి 2.6 మి.మీ.కు, వేళ్ళ కింద 3.2కు దిగాయి. మడమ దగ్గర సోలు 31.5 నుంచి 29.8కి అణిగింది. పరుగైన వెంటనే కొలిస్తే ఇంకా తక్కువ వస్తుంది, ఫోము కోలుకోవడానికి ఒక రాత్రి పడుతుంది; కాబట్టి కొలత ఎప్పుడూ మర్నాడు తీయాలి. వరుస రోజుల్లో అదే జత వేసుకుంటే ఈ కోలుకునే వ్యవధి దొరకదు.

మడమ లోపలి గుడ్డ చిరిగి మెత్త బయటపడింది. చెప్పులు కుట్టే ఆయన ఈసారి వంక పెట్టకుండా లోపల పలచని రెగ్జిన్ వేసి, ఆరతో చుట్టూ కుట్టి, అంచులకు సొల్యూషన్ రాసి ఇచ్చారు. ఖర్చు రూ. 150. రెగ్జిన్ నునుపు వల్ల జారుడు పెరుగుతుందేమోనని సుద్ద పరీక్ష మళ్ళీ చేశాను, 4 మి.మీ. వచ్చింది. కొత్త బూటు కొనే ఖర్చు ఎందుకనుకునే వారిని ఈ కుట్టు ముందే వేయించుకోమంటాను, చిరిగాక కాదు.

ఎండ విషయంలో ఒక హెచ్చరిక. మన వేసవిలో మూసిన కారు డిక్కీలో బూట్లు వదిలితే సోలులోని ఈవీఏ రకం ఫోము ఆ వేడికి ముడుచుకుపోవచ్చు, జిగురు కూడా వదులవుతుంది. కడిగాక ఎండలో కాకుండా, లోపల పాత దినపత్రిక కాగితాలు కుక్కి, ఫ్యాను కింద ఆరబెడుతున్నాను. కాగితాలను గంటకోసారి మారిస్తే ఉదయానికి ఆరుతుంది.

జత-ఈ మోడలుకు ఈ మధ్య కొత్త రూపం వచ్చింది. పేరు అదే, అంకె మారింది. ఇన్‌సోల్ తీసి కొలిస్తే 90 మి.మీ.; నా హద్దు దాటి 4 మి.మీ. పోయింది. అందువల్ల పాత రూపంలోనే మిగిలిన సరుకు కోసం వెతికాను. పాత సరుకు కొనేటప్పుడు నాలిక మీది చీటీలో తయారీ తేదీ చూడాలి, ఎందుకంటే గోదాములో ఏళ్ళ తరబడి ఉన్న బూటుకు వాడకుండానే జిగురు బలహీనపడుతుంది. దొరికిన జత తేదీ రెండేళ్ళలోపలిదే. సోలు అంచును వేళ్ళతో విడదీయబోతే కదలలేదు. ధర తగ్గి రూ. 7,200కు వచ్చింది.

జత-ఉ, కొత్తగా ఉన్నప్పటి కొలతలు: ఇన్‌సోల్ 258 × 94, లగ్గులు 4.1, మడమ సోలు 31.4, బరువు 292 గ్రా. ఫెల్టు ముక్క అంటించడం, మడమలో రెగ్జిన్ వేయించడం అయిపోయాయి. ఆ రెగ్జిన్‌కు మరో రూ. 150. పరుగు ఇంకా మొదలుపెట్టలేదు, ఈ వారం సాయంత్రం నడకకే వాడుతున్నాను.

మొత్తం: రూ. 28,040 + 150 + 7,200 + 150 = రూ. 35,540. దూరం, అన్ని జతలూ కలిపి సుమారు 730 కి.మీ.